మీటరు వైరును నేరుగా బ్యాటరీకి కలపకండి

కారుకు అదనపు మీటర్లు బిగించే కొత్తవారు వైరును నేరుగా బ్యాటరీకి కలిపితే చాలని మీరు ప్రచురించిన వ్యాసంలో రాశారు. ఆ మాటతో నేను ఏకీభవించలేను. ముందుగా బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే లైను నుంచి, మధ్యలో ఫ్యూజు పెట్టి తీసుకోవాలి.

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడి తెలియాలని, విజయనగరంలో మా ఇంటి ముందే నేను టెంపరేచర్ మీటరు బిగించుకున్నాను. ఒకే వైరు ఉన్న సెన్సారుకు ఇంజిన్ లోహమే ఎర్త్ (కరెంటు తిరిగి వెళ్లే దారి) కాబట్టి, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కారకూడదని సెన్సారు మరల (థ్రెడ్ల) మీద దట్టంగా చుట్టిన టెఫ్లాన్ టేపు వల్ల ఎర్త్ సరిగా అందక, ఇంజిన్ బాగా వేడెక్కినా ముల్లు అడుగునే ఉండిపోయింది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఆ టేపు ఒలిచేసి, ఒకటి రెండు చుట్లతో సరిపెట్టి మళ్లీ బిగించిన తరువాతే ముల్లు కదిలింది. ఈ జాగ్రత్తను వ్యాసంలో చేర్చవలసిందిగా కోరుతున్నాను.