అద్దెకు రాజుగారి జైలు

అమెరికాలో శిక్ష అనుభవించి బయటికొచ్చిన మనిషిని, అతనెన్నడూ అడుగుపెట్టని దేశానికి పట్టుకెళ్లి, కొత్త నేరమేదీ మోపకుండా మళ్లీ జైల్లో పెట్టించవచ్చా? పెట్టించవచ్చని ట్రంప్ ప్రభుత్వం చేసి చూపించింది. 2025 జులైలో వియత్నాం, లావోస్, యెమెన్, క్యూబా, జమైకా దేశాలవారు అయిదుగురిని విమానమెక్కించి ఆఫ్రికాలోని చిన్న రాజ్యం ఎస్వతీనిలో దించింది. అక్టోబరులో మరో పదిమంది. అందరినీ మట్సఫా కారాగారానికి తోలారు. స్థానిక లాయర్లు వెళ్తే కలవనివ్వలేదు. మొత్తం 160 మంది దాకా తీసుకోవాలన్నది ఒప్పందం. ప్రతిఫలం 51 లక్షల డాలర్లు.

వీళ్లు ఘోర నేరస్తులనీ, సొంత దేశాలే వద్దన్నాయనీ అమెరికా వాదన. నేరాలు చిన్నవని మేమూ అనం. వద్దన్నాయన్న మాట మాత్రం నిలబడలేదు. మేమలా అనలేదని జమైకా చెప్పింది; సెప్టెంబరులో ఆ దేశస్తుడు ఇల్లు చేరాడు.

మరి ఎస్వతీనినే ఎందుకు ఎంచుకున్నట్టు? అక్కడ రాజును అడిగేవాళ్లు లేరు కనుక. 2018 దాకా స్వాజీలాండ్‌గా తెలిసిన ఈ దేశ విస్తీర్ణం 17,364 చదరపు కిలోమీటర్లు. తూర్పున కొంత మొజాంబిక్, మిగతా చుట్టూ దక్షిణాఫ్రికా. జనాభా 12 లక్షల చిల్లర. 1968లో బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోయారు. 1972 ఎన్నికల్లో 24 స్థానాలకు 21 రాజు పార్టీవే. ప్రతిపక్షం గెలిచింది మూడంటే మూడు. ఆ మూడు గొంతుల్ని కూడా అప్పటి రాజు సోభూజా-2 భరించలేకపోయాడు. 1973 ఏప్రిల్ 12న రాజ్యాంగాన్ని రద్దుచేసి, పార్టీలను నిషేధించాడు. కొడుకు మ్స్వాతి-3 పద్దెనిమిదేళ్లకే, 1986లో, గద్దెనెక్కి ఇప్పటికీ దిగలేదు. 2005లో కొత్త రాజ్యాంగం వచ్చినా పార్టీలు పోటీచేయడానికి వీల్లేదు. ప్రధానిని నియమించేదీ రాజే. 2021లో జనం వీధుల్లోకొస్తే తుపాకులు పేలాయి, పదుల సంఖ్యలో చనిపోయారు. సంస్కరణలు కావాలన్న ఇద్దరు ఎంపీలకు 25, 18 ఏళ్ల చొప్పున జైలు పడింది. హక్కుల న్యాయవాది తులానీ మసేకోను 2023 జనవరిలో ఇంట్లోనే కాల్చి చంపారు.

ఇవన్నీ అమెరికాకు తెలియవా? సభలు జరుపుకోనివ్వడం లేదు, కార్మిక సంఘాలను అణిచేస్తున్నారు అంటూ 2015లో ఇదే దేశానికి సుంకం లేని ఎగుమతుల వెసులుబాటును తీసేసింది అమెరికాయే. ఫలితంగా కూలిపోయినవి బట్టల మిల్లుల్లో ఆడవాళ్ల ఉద్యోగాలు. రాజుకు పోయిందేమీ లేదు. అడిగేవాళ్లు లేని పాలన అప్పుడు తప్పయింది, ఇప్పుడు అదే అర్హతయింది. శ్రీరంగనీతులు ఎందుకు చెప్పినట్టు?

దక్షిణ సూడాన్, రువాండా, ఘనా కూడా ఇలాంటి విమానాలను దించుకున్నాయి. 2025 ఫిబ్రవరిలో అమెరికా పంపేస్తే పనామా హోటల్లో నిర్బంధించినవాళ్లలో భారతీయులున్నారు. వచ్చే విమానంలో ఏ దేశస్తుడుంటాడో ఎవరు చెప్పగలరు?

ఎస్వతీని పాలకులు ముందు ఆ ఒప్పందాన్ని సొంత ప్రజల ముందు పెట్టాలి, ఖైదీలను లాయర్లతో మాట్లాడనివ్వాలి. అమెరికా సంగతికొస్తే, తన కోర్టులు వేసిన శిక్ష ముగిశాక మిగిలిన శిక్షను ఒక రాజు చేత డబ్బిచ్చి వేయించే దేశం, ఇకమీదట హక్కుల పేరిట ఏ చిన్న దేశాన్నీ మందలించే సాహసం చేయకపోతే మంచిది.