ఎండ మచ్చలు తెల్లవి కావు

ఫ్రెంచ్ చిత్రకారుడు రెన్వార్ 1876లో వేసిన, పారిస్‌లోని 'మూలాన్ ద లా గాలెట్' డాన్స్ చిత్రంలో చెట్ల ఆకుల్లోంచి పడే ఎండ మచ్చలన్నీ తెల్ల రంగేనని ఒక వ్యాసంలో రాశారు. కాదండీ. ముందువైపు మనకు వీపు పెట్టి కూర్చున్న మనిషి కోటు చూడండి. దాని మీద మచ్చలు లేత ఊదా, నీలి బూడిద రంగుల్లో ఉంటాయి. నల్లకోటు మీద పడ్డ ఎండ, నీడలో ఉన్న తెల్లగౌను కంటే ముదురుగా ఉండొచ్చు. కాపీ వేసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే: ప్రతి మచ్చకీ తెలుపు పెట్టేస్తారు, బొమ్మంతా సున్నం చల్లినట్టు అవుతుంది.

ఆకుల సందుల్లోంచి వచ్చే మచ్చలు గుండ్రంగా ఉండేదెందుకంటే, అవి సూర్యుడి ప్రతిబింబాలే. సందు చిన్నదైతే మచ్చ వెడల్పు వెలుగు నడిచిన దూరంలో సుమారు 110వ వంతు. 5 మీటర్లకు దాదాపు 4.5 సెంటీమీటర్లు. ఎండ ఏటవాలుగా పడితే నేల మీద కోలగా సాగుతాయి. అంచులు సాధారణంగా మెత్తనే.

వేసేటప్పుడు నీడ ముందు: కోబాల్ట్ బ్లూ, కొంచెం గులాబి ఎరుపు, తెలుపు. నలుపు వద్దు. అది తడిగా ఉండగానే వెచ్చని లేత రంగు ఒక్క దెబ్బలో పెట్టి బ్రష్ తీసేయాలి. మళ్లీ రుద్దితే రెండూ కలిసి బురద రంగే మిగులుతుంది. నేల మీద మచ్చలకైతే లేత గులాబి, మీగడ రంగు చాలు.