అలస్కా మంచు ‘కార్లు రాకముందే’ కరిగిందన్న ఫార్వర్డ్‌లో దాచిన సంగతులు

వాట్సాప్‌లో ఒక మ్యాప్ తిరుగుతోంది. అలస్కాలోని గ్లేసియర్ బేలో 1794 నుంచి 1916 లోపే మంచు వంద కిలోమీటర్ల దాకా వెనక్కి పోయిందట. అప్పటికి ఇన్ని కార్లు లేవు కాబట్టి ఇప్పుడు కరగడం కూడా మామూలేనట. పైగా అక్కడే హబ్బర్డ్ అనే గ్లేసియర్ (హిమానీనదం) పెరుగుతోందట. గ్లాసులో ఐసు కరిగితే నీళ్లు పొర్లవన్న పాత పాఠం కూడా చివర్లో తగిలించారు.

మ్యాప్‌తో పేచీ లేదు. 1794లో బ్రిటిష్ నావికుడు జార్జ్ వాంకూవర్ బృందం చూసింది ఒడ్డులో చిన్న నొక్కు, దాని వెనక మంచు గోడ. 1879లో ప్రకృతి పరిశీలకుడు జాన్ మ్యూర్ వెళ్లేసరికి ఆ గోడ 50 కిలోమీటర్లకు పైనే లోపలికి జరిగింది. అంతకుముందు, 1750 ప్రాంతం దాకా, అదే మంచు ముందుకు తోసుకొచ్చి అక్కడి ఆదివాసులైన ట్లింగిట్ జనాన్ని ఊళ్లు ఖాళీ చేయించింది. ఈ ముక్క మాత్రం ఫార్వర్డ్‌లో ఉండదు!

మంచును అలా ముందుకు తోసిన చలి దశ (‘చిన్న మంచుయుగం’) ముగియడం ప్రకృతి పనే, ఒప్పుకుందాం. అయితే అంత దూరం ఎందుకు పోయింది? సముద్రంలోకి దిగిన హిమానీనదం తాను తెచ్చిన రాళ్లూ మట్టీ గట్టుకు ఆనుకుని నిలబడుతుంది. కాస్త పలచబడి ఆ గట్టు మీంచి వెనక్కి జారిందా, వెనకంతా లోతు నీళ్లే. ఇక పెళ్లలు పెళ్లలుగా విరుగుతూనే ఉంటుంది, మళ్లీ లోతు తగ్గేదాకా. అందుకే మంచు అంచు ఎక్కడుందన్నది ఒక్కటే చూసి వాతావరణం లెక్క కట్టలేం.

హబ్బర్డ్‌కూ ఇదే వర్తిస్తుంది. 1895లో కొలతలు మొదలైనప్పటి నుంచి అది ముందుకే వస్తోంది. 1986లో, మళ్లీ 2002లో రస్సెల్ ఫియర్డ్ అనే సముద్రపు పాయ నోరే మూసేసింది. ఎత్తైన కొండల్లో దానికి మంచు పడే మేర చాలా పెద్దది, గట్టును తోసుకుంటూ రాగలదు. టాకూ గ్లేసియర్ కూడా ఇలాగే దశాబ్దాలు పెరిగింది. 2018 నాటికి అదీ వెనకడుగు వేసింది.

మరి దేన్ని చూడాలి? మొత్తం మంచు ఎంత తగ్గిందో చూడాలి. 1994-2013 మధ్య అలస్కా హిమానీనదాలు ఏటా సుమారు 7,500 కోట్ల టన్నుల మంచు కోల్పోయాయని పరిశోధకులు లెక్కగట్టారు. అందులో సముద్రంలోకి దిగేవాటి వాటా 6 శాతమే. మిగతాదంతా నేల మీదో, సరస్సుల్లోనో ఆగిపోయేవాటిది. అక్కడ సముద్రపు లోతుల సాకు కుదరదు. గ్లేసియర్ బేలోని మ్యూర్ గ్లేసియర్ మాత్రం అప్పట్లో సముద్రంలోకి దిగేదే, దాని వెనకడుగులో లోతు నీళ్ల పాత్రా ఉంది. ఒకే చోట నుంచి తీసిన 1941 ఫోటోలో ఫ్రేమ్ నిండా మంచు, 2004 ఫోటోలో నీళ్లు, పచ్చటి కొండవాలు. మధ్యలో 12 కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయింది, 800 మీటర్లకు పైగా పలచబడింది.

ఇక గ్లాసు పాఠం. గ్లాసులో ఐసు తేలుతుంది. ఈ మంచు కొండల మీద, రాతి నేల మీద కూర్చుంది. కరిగి సముద్రంలో చేరిన నీరు అక్కడ అంతకుముందు లేని నీరు.