పోస్టర్ వేసిన చెయ్యే పిల్లల బొమ్మలూ వేసింది

ఇంగ్లండ్ పోస్టర్ చిత్రకారుడు జాన్ హసాల్ గురించి మీరు వేసిన వ్యాసం బాగుంది కానీ, అందులో ఆయన బొమ్మలు వేసిన పిల్లల పుస్తకాలను ఒక్క వాక్యంలో దాటేయడం నాకు నచ్చలేదండీ. 1908లో గ్రేట్ నార్తర్న్ రైల్వే కోసం ఆయన వేసిన, ఇంగ్లండ్ తూర్పు తీరంలోని స్కెగ్‌నెస్ అనే ఊరికి జనాన్ని రమ్మని పిలిచే పోస్టర్ మళ్లీ చూడండి. బొద్దుగా ఉన్న జాలరి, పెద్ద బూట్లు, మెడకు స్కార్ఫు, నోట్లో పైపు, చేతులు చాచి సముద్రం ఒడ్డున గంతులేస్తుంటాడు, అచ్చం బాలగేయాల పుస్తకంలోంచి దిగొచ్చినట్టు! లావుపాటి నల్ల గీత, లోపల నీడల్లేకుండా పరిచిన రంగు. రైలు కోసం పరుగెత్తేవాడికీ, ఇంకా చదవడం రాని పిల్లాడికీ బొమ్మ ఒక్క చూపులో అందాలి కదా, రెండింటికీ కిటుకు ఒకటే. ఉత్తర సముద్రపు చలిగాలి నిజానికి ఆ ఊరికి లోపం, దాన్నే హుషారుగా చూపించి జనాన్ని రైలెక్కించారు.

అంత పేరొచ్చిన బొమ్మకి ఆయనకు ముట్టింది 12 గినీలు (గినీ అంటే అప్పట్లో ఒక పౌండు కన్నా కాస్త ఎక్కువ). ఆ ఊళ్లో ఆయన మొదటిసారి అడుగుపెట్టింది 1936లో, అంటే 28 ఏళ్ల తర్వాత. తలచుకుంటే మనసు అదోలా అయిపోతుంది.

లండన్‌లో ఆయన నడిపిన ఆర్ట్ స్కూల్ గురించి, అక్కడ నేర్చుకుని మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లోని సైనికుల కార్టూన్లు వేసిన బ్రూస్ బెయిర్న్స్‌ఫాదర్ గురించి కూడా దయచేసి రాయండి.