అరువు యాస గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ అరువు యాస గారి దివ్యసముఖమునకు, కోనసీమ నుంచి నమస్కరించి వ్రాయు విన్నపము.

తమరు మా డెల్టాలో అడుగుపెట్టి, రాజమహేంద్రవరం నుంచి అమలాపురం దాకా మేడమీది గదుల్లో కోచింగ్ సెంటర్లు తెరిపించినప్పటి నుంచి, ఏళ్ల తరబడి ఇంగ్లీషులోనే ఉద్యోగం వెలగబెడుతున్న మా ఇంజనీర్లు సైతం నాలుక మడిచి రేఫను, అంటే ‘ర’కారాన్ని, గిరగిరా తిప్పడం నేర్చుకున్నారు. లండన్‌లో వార్తలు చదివేవారు ‘కార్’ చివర సాధారణంగా పలకనే పలకని ఆ రేఫ కోసం ఇంత వ్యాయామం చేయించడం తమరికే చెల్లింది.

అయితే, చిన్న చిక్కు వచ్చిపడింది. మా పక్కింటి కుర్రవాడు రాత్రి ఫోన్ మీటింగులో రేఫను ఎంత ఘనంగా దొర్లించినా, అవతలివారు మళ్లీ చెప్పమంటూనే ఉన్నారు. ‘డెవలప్‌మెంట్’లో ఊనిక (ఒక అక్షరాన్ని నొక్కి పలకడం) రెండవ అక్షరం మీద పడాలనీ, ‘ఫోటోగ్రాఫ్’లో మొదట ఉన్న ఊనిక ‘ఫోటోగ్రఫర్’లో రెండవ అక్షరానికి జరుగుతుందనీ, ఊనిక లేని అచ్చులు నలిగి సగమైపోతాయనీ తమరు చెప్పనే లేదు. లఘువుకూ గురువుకూ ఎవరి మాత్రలు వారికి ముట్టజెప్పే ఛందస్సులో పెరిగిన మాకు అచ్చును మింగేయడం అన్యాయంగానే తోస్తుంది గానీ, ఇంగ్లీషుకు అలవాటుపడిన చెవి ఆ హెచ్చుతగ్గులను బట్టే మాటను గుర్తుపడుతుంది. మాది మాటలు అచ్చుతో ముగిసే అజంత భాష కనుక ‘టెస్ట్’ చివర ఉకారాన్ని పిలిచి పీట వేయడాన్ని కూడా తమరు చూసీ చూడనట్టు వదిలేశారు (మర్యాదల విషయంలో గోదావరి వారిని తప్పుపట్టడం కష్టమే లెండి).

పైగా వేగమే ధారాళత అని బోధించారు. ఆ పరుగులో మొదట్లోనే ఖర్చయిపోయిన ఊపిరి, శివారు ఆయకట్టుకు చేరని కాలువ నీరులా, చివరి మాటకు అందదు. ఇంగ్లీషు వాక్యంలో అసలు కబురు తరచుగా ఆ చివరనే ఉంటుంది.

యాస ఎంత గట్టిగా ఉన్నా మాట పూర్తిగా అర్థం కావచ్చునని కెనడా పరిశోధకులు మన్రో, డెర్వింగ్ 1995లోనే, మాండరిన్ మాతృభాషగా గలవారి ఇంగ్లీషును శ్రోతలకు వినిపించి చూపారు. తమరి కరపత్రాల్లో ఆ ముక్క కనబడదు. తన మాటను తానే రికార్డు చేసుకుని విని, నిఘంటువులో ఊనికకు గుర్తుగా అక్షరం ముందు వేసే చిన్న నిలువు గీతతో సరిచూసుకునేవాడి దగ్గర ఫీజు పుట్టదు కదా!

కట్టిన ఫీజు వాపసు అడగడం లేదు. ఇంటి వాడకానికి మా రేఫను మాత్రం మాకు వదిలిపెట్టవలసిందిగా ప్రార్థన. మొన్న కుర్రవాడు ‘వరి కోతలు’ అంటే, వాళ్ల అమ్మమ్మ కూడా మళ్లీ చెప్పమంది.

ఇట్లు,
‘ఆయ్’ అని పలికే ఒక విధేయుడు