జెనీవాకు దారి మదనపల్లె మీదుగా

తిరుపతిలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్), ఎంపీహెచ్ (ప్రజారోగ్యం) చదివేవాళ్లకు ఆరోగ్య రంగంలో పనిచేసే ఇంటర్నేషనల్ ఎన్జీవోలో ప్రోగ్రామ్ మేనేజర్ అంటే ఇప్పటికీ మోజే. అమెరికా 2025 జనవరి 20న విదేశీ సాయానికి బ్రేకు వేసి, జులై 1కల్లా ఆ సాయం పంచే సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను విదేశాంగ శాఖలో కలిపేసింది. డాలర్ల మీద నడిచే కొలువులు ఎంత పల్చటివో అప్పుడు తెలిసింది.

ఇంతకీ ఆ కొలువులో చేసేదేమిటి? వైద్యం కాదు. దాత సొమ్మును గడువులోగా, పద్దు దాటకుండా, ఆడిట్‌కు నిలిచేలా ఖర్చుపెట్టించడం. అంతకన్నా కష్టం, జిల్లా వైద్యాధికారినీ స్థానిక సంస్థనూ దాతనూ ఒక్క మాట మీదికి తేవడం. ఇది ఏ కోర్సులోనూ అబ్బదు.

మన ప్రాంతానికి ఈ రంగం కొత్తేమీ కాదు. అప్పటి చిత్తూరు జిల్లాలో, మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో మిషనరీలు 1915లో క్షయ రోగుల ఆస్పత్రి (శానిటోరియం) తెరిచారు. (చిత్తూరోళ్లు పెద్ద జబ్బు చేస్తే పరుగెత్తే వేలూరు ఆస్పత్రి పుట్టుకా ఇలాంటిదే.) డెన్మార్క్ డాక్టర్ ఫ్రిమోట్-మోలర్ బృందం 1950లో అక్కడ క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాపై అధ్యయనం మొదలుపెట్టింది. చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటి జనాభా రాసుకున్నారు, ఎక్స్‌రేలు తీశారు, ఏళ్ల తరబడి అవే గడపలు మళ్లీ మళ్లీ ఎక్కారు. ఫలితాలు 1964లో జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయ్యాయి. పల్లె జనం తలుపు తీయకపోతే ఆ బులెటిన్‌లో రాయడానికి ఏమీ ఉండేది కాదు.

గేట్స్ ఫౌండేషన్ 2003లో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో మొదలుపెట్టిన హెచ్ఐవీ కార్యక్రమం ‘ఆవాహన్’ను తర్వాత విడతలవారీగా ప్రభుత్వానికి అప్పగించారు. నన్నడిగితే అందులో అన్నిటికన్నా నేర్చుకోదగ్గది ఈ అప్పగింతే. దాత లెక్కన వేసుకున్న ఖర్చులు సర్కారు లెక్కకు దిగిరావాలి, అయినా పని ఆగకూడదు. ప్రభుత్వాఫీసులో ఫైలు ఎలా కదులుతుందో తెలియనివాళ్ల వల్ల అయ్యే పని కాదిది. అందుకే ముందు కొన్నేళ్లు జిల్లాలో, పీహెచ్‌సీల చుట్టూ, ఆశా కార్యకర్తలతో పనిచేయాలంటాను.

మన చట్టం కూడా అటే నెడుతోంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణతో విదేశీ నిధుల్లో పరిపాలన ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. ఢిల్లీలోని పెద్ద సంస్థ తన విదేశీ నిధుల్లోంచి పలమనేరులోని చిన్న సంస్థకు వాటా ఇచ్చే వీలూ పోయింది. ఆస్పత్రి డాక్టరు జీతం ఆ 20 శాతం లెక్కలోకి రాదు, మేనేజ్‌మెంట్ సిబ్బంది జీతం వస్తుంది. ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు హోదా సంగతి తర్వాత చూసుకుని, ముందు తమ జీతం ఏ పద్దు కింద రాస్తారో అడగాలి.