ముందు యంత్రమా, ముందు కంతలా?

న్యూజెర్సీలోని ఈస్ట్ విండ్సర్‌లో ట్విన్ రివర్స్ అనే కాలనీ ఉంది. 1970ల మొదట్లో కట్టిన టౌన్‌హౌస్‌ల, అంటే పక్క గోడలు ఉమ్మడిగా ఉండే ఇళ్ళ వరుసలవి. వాటిలో ఒక ఇంట్లో 2025 డిసెంబర్ మొదటి వారంలో జరిగిన వాదం ఇది. ఒక పక్షం ఇంటి కోడలు వసుధ, డేటాబేస్‌ల ఉద్యోగం. రెండో పక్షం ఆమె మామగారు. రామగుండం థర్మల్ కేంద్రంలో బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరయ్యారు, చలికాలం గడపడానికి మా దగ్గరికి వచ్చారు. ఒకరికి భర్తను, ఇంకొకరికి కొడుకును కావడం వల్ల తీర్పు చెప్పే అర్హత నాకు లేదు, ధైర్యం అంతకన్నా లేదు. రాసుకోవడం వరకే నా వంతు. వాద విషయం: వేడి ఖర్చు తగ్గాలంటే ముందు యంత్రం మార్చాలా, ఇంటికున్న కంతలు మూయాలా?

వసుధ: అధ్యక్షులు ఎవరూ లేరు కాబట్టి నేనే మొదలుపెడతాను. కింద బేస్‌మెంట్‌లో ఇంటిని వేడి చేసే గ్యాస్ ఫర్నేస్‌కి 22 ఏళ్ళు. దాని సామర్థ్యం 80 శాతం. అంటే మనం డబ్బు కట్టిన గ్యాస్‌లో ఐదో వంతు పొగగొట్టంలోంచి ఆకాశానికి పోతోంది. బయట ఉన్న ఏసీకీ అదే వయసు. రెండింటి బదులు కరెంటుతో నడిచే ఒక హీట్ పంప్ పెడితే చలికాలం వేడి, వేసవిలో చల్లదనం రెండూ అదే ఇస్తుంది. ఫెడరల్ పన్ను రాయితీ 30 శాతం ఉంది, 2,000 డాలర్ల దాకా. జులైలో వచ్చిన చట్టం దాన్ని ఈ డిసెంబర్ 31తో ఆపేస్తోంది. ఆలోగా యంత్రం బిగించి ఉండాలి. ఇంకా చర్చించడానికి ఏముంది, మామయ్యగారూ?

మామగారు: ఇల్లుంది కదమ్మా. ఫర్నేస్ గురించి చెప్పావు, ఏసీ గురించి చెప్పావు, చట్టం గురించీ చెప్పావు. ఇంటి మాట మాత్రం ఎత్తలేదు. ఫర్నేస్ ఇచ్చిన వేడి ఈ ఇంట్లో ఎంతసేపు నిలుస్తోంది? మా ప్లాంటులో బాయిలర్ చాలడం లేదని ఎవరైనా అంటే, కొత్త బాయిలర్‌కి కాగితం పెట్టేముందు ఆవిరి ఎక్కడ కారుతోందో తిరిగి చూసేవాళ్ళం.

వసుధ: ఇది ప్లాంటు కాదు. గోడల్లో, అటక మీద వేడిని ఆపే పొర, ఇన్సులేషన్, ఉందని ఇల్లు కొన్నప్పుడే తనిఖీ చేసినవాళ్ళు రాసిచ్చారు.

మామగారు: ఉంది. నిన్న అటక ఎక్కి చూశాను. గ్లాస్ ఫైబర్ దూది ఆరు అంగుళాల మందాన పరిచి ఉంది. అది కదలని గాలిని పట్టి ఉంచినప్పుడే పనిచేస్తుంది. గాలి దాన్లోంచి దూసుకుపోతుంటే అదొక వడపోత గుడ్డ మాత్రమే. కొన్నిచోట్ల ఆ దూది నల్లబడింది, చూశావా? బూజనుకుంటారు. అది ఏళ్ళ తరబడి కింది నుంచి పోయిన గాలి వదిలిన దుమ్ము. అక్కడ కంత ఉందని ఇల్లే చెబుతోంది.

(అటక ఎక్కిన సంగతి ఇద్దరికీ అప్పుడే తెలిసింది. ఆయనకు 71 ఏళ్ళు. ఈ విషయం మీద వేరే వాదం జరిగింది, అది ఇక్కడ అనవసరం.)

వసుధ: సరే, గాలి పోతోందనే అనుకుందాం. ఎంత పోతోంది? లెక్క లేకుండా నేను ఒప్పుకోను.

మామగారు: లెక్క తర్వాత, ముందు కళ్ళతో చూడు. పూజ దగ్గరి అగరుబత్తి ఒకటి తీసుకురా.

(తెచ్చింది. మధ్య అంతస్తులో హాల్లో నిలబడి పట్టుకుంటే పొగ నిటారుగా లేచింది. పైకి వెళ్ళి అటక మెట్ల తలుపు కింద పట్టుకున్నారు. పొగ ఒక్కసారిగా వంగి, తలుపు అంచు వెంట ఉన్న సన్నని చీలికలోకి దారంలా లాగుకుపోయింది. తర్వాత బేస్‌మెంట్‌లో, పునాది గోడ మీద చెక్క దూలం కూర్చున్న చోట పట్టుకుంటే ఎదురుగా వచ్చి ఆయన కళ్ళలో పడింది.)

మామగారు: అర్థమైందా? వేడి గాలి తేలిక. పైకి లేచి అటక కంతల్లోంచి పోతుంది. పోయినంత చలిగాలి కింది నుంచి లోపలికి వస్తుంది. మధ్య అంతస్తులో అటూ ఇటూ లాగుడు ఉండదు, అందుకే అక్కడ పొగ నిటారుగా ఉంది. ఈ ఇల్లు మొత్తం ఒక పొగగొట్టంలా పనిచేస్తోంది. బయట చలి పెరిగేకొద్దీ లాగుడూ పెరుగుతుంది.

వసుధ: చాలా బాగుంది. మరి మన కాలనీ చరిత్ర నేను చెబుతాను, వినండి. 1972 నుంచి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, రాబర్ట్ సోకొలో బృందం, ఇక్కడి టౌన్‌హౌస్‌ల మీదే ఇంటి వేడి గురించి ఏళ్ళ తరబడి కొలతలు తీశారు. అవన్నీ ఒకే నమూనా ఇళ్ళు, ఒకే ఫర్నేస్‌లు, ఒకే వాతావరణం. అయినా కొన్ని ఇళ్ళు మిగతా వాటికి రెట్టింపు పైగా గ్యాస్ వాడాయి. ఇల్లు అదే ఉండి మనుషులు మారితే వాడకమూ మారింది. తేడా మనుషుల అలవాట్లలో ఉంది. అసలు విషయానికి వస్తే, మీరు రాకముందు ఈ ఇంట్లో వేడిని నియంత్రించే మీటరు, థర్మోస్టాట్, 68 ఫారెన్‌హీట్ దగ్గర (20 సెల్సియస్) ఉండేది. ఇప్పుడు 73 (దాదాపు 23 సెల్సియస్).

(దెబ్బ గట్టిగానే తగిలింది. నేను తలెత్తలేదు.)

మామగారు: 73 నిజమే, నేనే పెట్టాను. ఎందుకు పెట్టానో అడిగావా? ఆ మీటరు హాల్లో గాలిని కొలుస్తుంది, నా మోకాళ్ళను కాదు. గాలి 68 ఉన్నా నేల చల్లగా ఉంటే, చీలమండల మీద చలిగాలి పారుతుంటే ఒళ్ళు వణుకుతుంది. మనిషి ఏం చేస్తాడు? మీటరు పెంచుతాడు. నువ్వు అలవాటు అన్నదానిలో సగం ఈ ఇల్లు చేయించేదే.

వసుధ: మిగతా సగం?

మామగారు: అది నాదే. కానీ నువ్వు చెప్పిన పరిశోధనలో రెండో భాగం వదిలేశావు. అది నేనూ చదివాను, అబ్బాయి కంప్యూటర్‌లో. ఆ ప్రిన్స్‌టన్ వాళ్ళే అటకల్లో కొలిచి చూస్తే, ఇన్సులేషన్ లెక్క ప్రకారం పోవాల్సిన దానికి కొన్ని రెట్లు వేడి పోతోందని తేలింది. ఎక్కడి నుంచి? ఫర్నేస్ పొగగొట్టం బేస్‌మెంట్ నుంచి కప్పు దాకా వెళ్ళే దారిలో దాని చుట్టూ వదిలిన ఖాళీ. పక్కింటికీ మనకూ మధ్య ఉన్న సిమెంట్ దిమ్మెల గోడలోని బోలు. ఇవేవీ ఇన్సులేషన్ లెక్కల్లో కనిపించవు. అలాంటి దారులు మూసి, అటక మీద మందం పెంచి, కిటికీలకు లోపలి పలకలు బిగించి, ఒక టౌన్‌హౌస్‌లో వేడి అవసరాన్ని మూడింట రెండు వంతులు తగ్గించారు. ఫర్నేస్‌ని మార్చి కాదు.

వసుధ: అది 1970లలో. అప్పుడు హీట్ పంప్‌లు ఇలా ఉండేవి కావు. ఇప్పుడు బయట గడ్డకట్టే చలి ఉన్నా అవి ఒక యూనిట్ కరెంటు తీసుకుని రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తున్నాయి. కాల్చి పుట్టించడం లేదు, బయటి గాలిలో ఉన్న వేడిని లోపలికి తోడి పోస్తున్నాయి. ఏ ఫర్నేస్ అయినా నూటికి నూరు దాటగలదా?

మామగారు: దాటలేదు. ఇంజనీరుగా ఆ యంత్రానికి దండం పెడతాను. కానీ బిల్లు ఇంజనీరింగ్ చూసి రాదు, ధర చూసి వస్తుంది. మీ బిల్లులు తీశాను. గ్యాస్ థర్మ్‌కి, అంటే లక్ష బీటీయూల (వేడిని కొలిచే కొలమానం) గ్యాస్‌కి, డాలరు 30 సెంట్లు, కరెంటు యూనిట్‌కి 22 సెంట్లు. లక్ష బీటీయూల వేడి ఇంట్లోకి రావాలంటే మీ ముసలి ఫర్నేస్‌కి అయ్యే ఖర్చు డాలరు 63 సెంట్లు. 95 శాతం సామర్థ్యం ఉన్న కొత్త ఫర్నేస్‌కి డాలరు 37. హీట్ పంప్ చలికాలం సగటున మూడు రెట్లు ఇస్తుందనుకున్నా రెండు డాలర్ల 15 సెంట్లు. ఇంధన నూనె కాల్చే ఇల్లో, కరెంటు హీటర్ల ఇల్లో అయితే నీ మాటకు ఎదురు చెప్పేవాణ్ణి కాను. ఇది గ్యాస్ ఇల్లు.

(వసుధ కాలిక్యులేటర్ తీసి చూసింది. లెక్క సరిగ్గానే ఉంది. ఆమె వెనక్కి తగ్గుతుందనుకున్నాను. ఆమె సంగతి ఇన్నేళ్ళలో ఇంకా పూర్తిగా తెలియలేదు నాకు.)

వసుధ: మీరు చలికాలమంతటికీ ఒకే సగటు వేశారు. అక్టోబర్, నవంబర్, మార్చి కూడా చలికాలమే. బయట 45 ఫారెన్‌హీట్ (దాదాపు 7 సెల్సియస్) ఉన్నప్పుడు మంచి హీట్ పంప్ నాలుగు రెట్లు ఇవ్వగలదు. అప్పుడు ఖర్చు డాలరు 61, మీ ముసలి ఫర్నేస్‌తో సమానం. ఏసీ ఎలాగూ పోయేదే. కొత్త ఏసీకీ హీట్ పంప్‌కీ ధరలో ఉన్న తేడాని రాయితీ చాలావరకు మింగేస్తుంది. ఫర్నేస్‌ని ఇప్పుడే తీసేయమని నేననడం లేదు. నడిచినన్నాళ్ళు గడ్డు చలి రోజుల్లో అదే నడవనీండి, మిగతా రోజులు హీట్ పంప్. ఇక ముసలి యంత్రం గురించి ఒక మాట. అది జూన్‌లో చావదు, జనవరిలో ఒక రాత్రి చస్తుంది. అప్పుడు మెకానిక్ లారీలో ఏది ఉంటే అది, ఎంత చెబితే అంత. రామగుండంలో స్పేర్లు స్టోర్‌లో ఉండేవేమో, ఇక్కడ ఉండవు.

మామగారు: ఇది నిలిచే వాదన. హీట్ పంప్ వద్దనను. ఎంత పెద్దది పెడతావు?

వసుధ: ఇప్పుడున్న ఏసీ మూడు టన్నులు. వాళ్ళు మూడు టన్నులదే రాసిచ్చారు.

మామగారు: ఇల్లు కొలిచారా?

వసుధ: ...పాత ఏసీ మీద అతికించిన చీటీ చూసి రాశారు.

మామగారు: నా గొడవంతా అక్కడే ఉందమ్మా. కంతలున్న ఇంటికి సరిపోయేలా మూడు టన్నులు కొంటావు. రెండేళ్ళకు కంతలు మూస్తావు. అప్పుడు ఆ ఇంటికి రెండు టన్నులు చాలు. పెద్ద యంత్రం పది నిమిషాలు పరుగెత్తి ఆగుతుంది, మళ్ళీ పరుగెత్తుతుంది. వేసవిలో గాలి చల్లబడుతుంది కానీ తేమ పోదు. పైగా నీ 2,000 రాయితీ అక్కర్లేని ఆ మూడో టన్నుకే ఖర్చయిపోతుంది.

వసుధ: అయితే కిటికీలు కూడా...

మామగారు: కిటికీల మాట ఎత్తకు. రెండు అద్దాలవి ఉన్నాయి కదా, చాలు. వాటిని మార్చే డబ్బుతో ఈ ఇంట్లో మిగతా పనులన్నీ అయిపోయి ఇంకా మిగులుతుంది. అటక మెట్ల తలుపు సంగతి చూడు. పది చదరపు అడుగుల పల్చటి ప్లైవుడ్, మీద ఏమీ లేదు. దూది పరిచిన 700 చదరపు అడుగుల కప్పు మొత్తం పోగొట్టే వేడిలో ఐదో వంతు దాకా ఆ ఒక్క తలుపే పోగొడుతుంది. గాలి చీలికలు లెక్కేయకుండానే. దాని మీద నురుగు పలకల పెట్టె ఒకటి బోర్లించి, అంచుకు రబ్బరు పట్టీ అతికిస్తే సరిపోతుంది.

వసుధ: ఇప్పుడు నా వంతు. మీరు ఇంటిని డబ్బాలా బిగించేస్తానంటున్నారు. బేస్‌మెంట్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉంది. దాని పొగ తనంతట తాను పైకి పోవాలి, తోసే ఫ్యాను లేదు. ఇల్లు బిగించాక నేను వంటింట్లో తిరగమోతకు చిమ్నీ వేస్తాను, బట్టలు ఆరబెట్టే యంత్రం తిరుగుతుంటుంది, బాత్‌రూమ్ ఫ్యాను తిరుగుతుంటుంది. అన్నీ గాలిని బయటికి తోసేవే. ఆ గాలి ఎక్కడి నుంచి రావాలి? వాటర్ హీటర్ గొట్టంలోంచి వెనక్కి వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌తో సహా. అటక తలుపుకు అగరుబత్తి చూపించినంత తేలిక కాదు ఇది.

(మామగారు చాలాసేపు మాట్లాడలేదు. బాయిలర్ మనిషికి ఈ ప్రశ్న ఎంత బరువైనదో ఆయన ముఖంలో తెలిసింది.)

మామగారు: నువ్వు అడిగింది ప్రాణానికి సంబంధించినది. పరీక్ష లేకుండా బిగించకూడదు. ముందు ఇంకోటి చెబుతాను. పొగగొట్టం చుట్టూ ఉన్న ఖాళీని దుకాణంలో అమ్మే నురుగుతో నింపకూడదు, వేడికి అంటుకుంటుంది. రేకు కత్తిరించి అమర్చి, మంటకు తట్టుకునే లప్పంతో అంచులు మూయాలి. అది వాళ్ళ పని, నాది కాదు, భయపడకు. ఇక నీ ప్రశ్న. బ్లోయర్ డోర్ పరీక్ష చేసేవాళ్ళు వీధి తలుపులో ఫ్యాను బిగించి, లోపలికీ బయటికీ గాలి ఒత్తిడిలో 50 పాస్కల్స్ తేడా తెచ్చి, ఇల్లు గంటకు ఎన్నిసార్లు గాలి మార్చుకుంటోందో కొలుస్తారు. కొత్త ఇళ్ళకు ఇలాంటి చలి ప్రాంతాల్లో గృహనిర్మాణ నియమావళి పరిమితి మూడుసార్లు. మనది పది దాటినా ఆశ్చర్యపోను. మూడుకు తేనక్కర్లేదు, ఐదారుకు తెచ్చినా చాలు. కంతలు మూశాక కిటికీలన్నీ వేసి, నీ చిమ్నీ, ఆ ఫ్యాన్లు అన్నీ నడిపి, వాటర్ హీటర్ నెత్తిన గొట్టం మొదలయ్యే ఖాళీ దగ్గర పొగ పెట్టి చూస్తారు. గొట్టంలోకి లాగితే మంచిది. ఇంట్లోకి తోస్తే పని ఆపి, ఆ హీటర్ సంగతి ముందు తేల్చాలి.

వసుధ: కార్బన్ మోనాక్సైడ్ అలారాలు ప్రతి అంతస్తులో. ఇది నా షరతు.

మామగారు: అది షరతు కాదమ్మా, మొదటి పని.

వసుధ: ఇంకోటి. ఇంత గట్టిగా మూస్తే సాంబారు ఆవిరంతా కిటికీల మీద నీళ్ళు కడుతుంది.

మామగారు: చిమ్నీ బయటికి తోసేది అయితే కట్టదు. ఇప్పుడు నీ గదిలో గాలి పొడిగా ఉందని నీళ్ళ యంత్రం పెట్టి తేమ కొంటున్నావు. బయటి చలిగాలి అంత లోపలికి రాకపోతే అది కొనే పనీ తగ్గుతుంది.

వసుధ: సరే, తేదీలకు రండి. ఈ శుక్రవారం ఆ బ్లోయర్ డోర్ తనిఖీ. కంతలు మూసే పని ఒకటి రెండు రోజులు. హీట్ పంప్ వాళ్ళకు ఖాళీ ఉన్నది 22న. మధ్యలో ఒక్క రోజు జారినా రాయితీ పోయినట్టే. పోతే?

మామగారు: పోతే 2,000 పోతుంది. తప్పు సైజు వస్తే పదిహేనేళ్ళు ఉంటుంది. 22న రమ్మను, కానీ చీటీ చూసి కాదు, ఇల్లు కొలిచి, గదుల వారీగా వేడి లెక్క కట్టి సైజు రాయమను. తనిఖీ అతను ఇచ్చే అంకె వాళ్ళ చేతికి మనమే ఇద్దాం.

వసుధ: వాళ్ళు మూడు టన్నులే పెడతామంటే?

మామగారు: నాకు ఫోను ఇవ్వు.

వసుధ: అది జరగదు, నేనే మాట్లాడతాను. శుక్రవారం దాకా థర్మోస్టాట్ 69.

మామగారు: 71.

వసుధ: 70. మీ గదికి ఉన్ని తివాచీ, మీకు మందపాటి సాక్సులు రేపు వస్తాయి.

మామగారు: సాక్సులు వచ్చేదాకా 71.